మడిల పాచి, తొట్టిల పాచి



ఈ పేజీల నేను ఎప్పుడూ వరి, వేరుశనగ, బోరు, కరెంటు గురించి రాస్త. ఈరోజు అద్దాల తొట్టి గురించి రాస్తున్న. అదే, చేపలు, నీటి మొక్కలు పెంచే అక్వేరియం. రైతుకు అక్వేరియం ఎందుకయ్యా అని నవ్వకండి. ఆ రెండడుగుల తొట్టిల నేను ఒక తప్పు చేసిన. ఆ తప్పు నుంచి నేర్చుకున్నది మళ్లీ నా మడికే పనికొచ్చింది. కొంచెం పొడుగు పోస్టే, ఓపిక చేసుకొని చదవండి.

మాది ఆత్మకూర్. జూరాల ఎడమ కాలువ కింద మూడెకరాల వరి ఉంది. మా బిడ్డ ఇంటర్ చదివేటప్పుడు స్కాలర్‌షిప్ పైసల్ల కొన్ని దాచుకొని ఒక తొట్టి కొనుక్కున్నది. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు. నిండా పోస్తే 56 లీటర్లు పడ్తది, ఇసుక, రాళ్లు పోను 45 లీటర్లు అనుకోండి. అందుల పది గప్పీలు, నాలుగు మోలీలు, ఆరు చిన్న రొయ్యలు, రెండు మూడు రకాల మొక్కలు. తూర్పు కిటికీ పక్కన బల్ల మీద పెట్టుకున్నది. అక్కడే కూసొని చదువుకునేది.

మొదటి నెల ముచ్చటగ ఉండె. రెండో నెల అద్దాల మీద పచ్చని పొర పట్టింది. తుడిస్తే నాలుగు రోజులకు మళ్లీ వస్తుండె. మూడో నెలకు మొక్కల మీద దారాల లెక్క పాచి అల్లుకున్నది. ఆకుల అంచులకు, రాళ్లకు నల్లగ గడ్డం మొలిచినట్టు ఇంకో రకం పట్టింది. గోరుతో గీకినా ఊడదు. అమ్మిన షాపాయన ఒక సీసా మందు ఇచ్చిండు. వారం తగ్గింది, పది రోజులకు మళ్లీ మొదటికొచ్చింది. బిడ్డ రోజూ గంట సేపు టూత్‌బ్రష్ పట్టుకొని రుద్దుడే పని.

నాకు చూడబుద్ధి కాలే. పాచి అంటే మనకు కొత్తా? నాటేసిన పదిహేను రోజులకు మడిల నీళ్ల మీద పచ్చని తెట్టె కట్టదా? అప్పుడు మనం ఏం చేస్తం? మైలుతుత్తం మూట కట్టి నీళ్లు పారే మడవకాడ పెడ్తం. నీళ్లతోపాటు కరుగుకుంట పోయి పాచి చస్తది. మా నాయిన గదే చేసిండు, నేను గదే చేస్తున్న. "ఇంత దానికి ఇంత కష్టమెందుకు" అనుకొని, ఒకనాడు రాత్రి బిడ్డ పండుకున్నంక చిటికెడు మైలుతుత్తం కాగితంల తెచ్చి తొట్టిల ఏసిన. పొద్దున లేచి తొట్టి చూసి సంబరపడ్తది అనుకున్న.

పొద్దున ఆరు రొయ్యలు అడుగున పడి ఉన్నయ్. నత్తలు కదుల్తలేవు. గప్పీలు, మోలీలు కలిపి తొమ్మిది చేపలు తేలినయ్. బతికినవి పైకొచ్చి నోరు తెరుస్తున్నయ్.

ఇక్కడ ఒక మాట దాచకుండ చెప్తున్న. బిడ్డ "ఏమైంది నాయినా" అని అడిగితే నేను "ఏమో బిడ్డా, నీళ్లు పాడైనయేమో" అన్న. అబద్ధం చెప్పిన. అది తినకుండనే కాలేజీకి పోయింది. సాయంత్రం వచ్చి బల్ల కింద పడ్డ కాగితం తీసి చూసింది. మడతల నీలం పొడి. నా దిక్కు చూసి ఒక్కటే అడిగింది: "ఎంత ఏసినవ్ నాయినా?" తిట్టలే, ఏడ్వలే. ఎంత ఏసినవ్ అని మాత్రం అడిగింది.

ఎంత ఏసిన్నో నాకే తెల్వదు. ఆ రోజు రాత్రి ఇద్దరం కూసొని లెక్క కట్టినం. మీరు గూడ ఈ లెక్క చూడండి.

ఎకరం మడిల రెండించుల నీళ్లు నిలబెడితే దగ్గర దగ్గర 2 లక్షల లీటర్లు. అందుల నేను 2 కిలోల మైలుతుత్తం వాడ్త. అంటే లీటరుకు 10 మిల్లీగ్రాములు. నా చిటికెడు ఒక గ్రాము అనుకున్నా, 45 లీటర్లకు లీటరుకు 22 మిల్లీగ్రాములు. మడికి వాడేదానికి రెండింతలు! అందుల పావు వంతు అసలైన రాగి. మడిల అయితే రాగిని బురద గుంజుకుంటది, పారే నీళ్లల్ల పల్చబడ్తది. తొట్టిల బురద లేదు, పారుడు లేదు. ఎక్కడికి పోతది? రొయ్యలకు, నత్తలకు అయితే ఇందుల చిన్న భాగం రాగి గూడ విషమే. ఇంకోటి, పాచి ఒక్కసారే చస్తే కుళ్లి నీళ్లల్ల ఉన్న ఆక్సిజన్ తాగేస్తది. మిగిలిన చేపలు పైకొచ్చి నోరు తెరిచింది అందుకే కావచ్చు.

లెక్క అయినంక బిడ్డ ఇంకో మాట అడిగింది. "సరే నాయినా, మందేస్తే పాచి చచ్చింది. మరి అది తినేది ఏమైంది? అది తొట్టిల్నే ఉన్నది కదా?"

ఆ ప్రశ్నకు నాకాడ జవాబు లేకుండె. ఇరవై ఏండ్ల సంది మడిల పాచిని చంపుతున్న, అది తినేది ఎక్కడిది అని ఒక్కసారి గూడ ఆలోచించలే.

పాచికి కావాల్సినవి మూడే: వెలుతురు, నీళ్లు, మేత. మేత అంటే మన భాషల ఎరువు. నత్రజని, భాస్వరం. వెలుతురు, ఎరువు ఉండి, దాన్ని తినే పంట లేకపోతే ఆ జాగల పాచి వస్తది. చచ్చిన పాచి మళ్లీ ఎరువే అయితది. అందుకే మందు ఆగంగనే మళ్లీ వస్తది.

ఇది పెద్ద పెద్ద సరస్సులల్ల గూడ చేసి చూసిన్రు. కెనడాల 1973ల డేవిడ్ షిండ్లర్ అనే శాస్త్రవేత్త, ఆయన జట్టు ఒక సరస్సును నడుమ ప్లాస్టిక్ తెర కట్టి రెండు భాగాలు చేసిన్రు. ఆ సరస్సు పేరు గూడ నంబరే, 226. ఒక దిక్కు కార్బన్, నత్రజని వేసిన్రు. ఇంకో దిక్కు ఆ రెండింటితోపాటు భాస్వరం వేసిన్రు. భాస్వరం వేసిన సగం పచ్చగ పాచి పట్టింది, ఇంకో సగం మామూలుగనే ఉన్నది. పైనుంచి తీసిన ఆ ఫొటో చూస్తే చదువు రానోనికి గూడ అర్థమైతది. ఆ ఫొటో చూడంగనే నాకు నా మడి యాదికొచ్చింది. ఎందుకో తర్వాత చెప్త.

ముందు తొట్టి సంగతి. మా తొట్టిల మేత ఎక్కడినుంచి వస్తుందో వారం రోజులు రాసిపెట్టినం. నోటుబుక్కుల రెండు గళ్లు: ఎంత వెలుతురు, ఎంత మేత. వారం తర్వాత చూస్తే మాకే నవ్వొచ్చింది. బిడ్డ చదువుకునేటందుకు పొద్దున అయిదింటికి లైటు వేస్తది, రాత్రి పదింటికి ఆర్పుతది. ఆ పైన తూర్పు కిటికీ ఎండ. మేత సంగతి ఇంకా అన్యాయం. బిడ్డ పొద్దున ఒకసారి వేస్తది. నేను పొలం నుంచి వచ్చి ఒకసారి వేస్త. మా అమ్మ "పాపం, ఆకలిగున్నయ్" అనుకుంట మధ్యాహ్నం రెండు సార్లు వేస్తది, మధ్యల బువ్వ మెతుకులు గూడ. చేపలు తిన్నది కొంచెం, మిగిలింది అంతా అడుగున కుళ్లుతుంది. ఇక మొక్కలా? షాపుల అందంగున్నయని తెచ్చిన, నెలకు ఒక ఆకు వేసే రకాలు. పంట నాలుగు మొక్కలు, ఎరువు ఎకరానికి సరిపోయేంత. పాచి రాక ఏం చేస్తది?

అప్పుడు తొట్టి మొత్తం ఖాళీ చేసినం. రాగి పట్టిన ఇసుక తీసేసి, అద్దాలు కడిగి మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టినం. బతికిన అయిదు చేపలను అన్ని రోజులు బకెట్ల ఉంచి, రోజూ సగం నీళ్లు మార్చినం. ఇక ఏం చేసినమో వరుసగ చెప్త, తొట్టి ఉన్నోళ్లు రాసుకోండి.

మొదటిది, మట్టి. ఎరువు వేయని చెరువు మట్టి ఎండబెట్టి, రాళ్లు ఏరి, ఒక అంగుళం పరిచినం. దాని మీద కడిగిన ఇసుక అంగుళంనర. అమెరికాల డయానా వాల్‌స్టాడ్ అనే ఆమె 1999ల ఈ పద్ధతి మీద ఏకంగ పుస్తకమే రాసింది. వేర్లకు మేత కింద మట్టిల ఉండాలె, పైన నీళ్లల్ల ఉండొద్దు అన్నది సంగతి. మొదటి మూడు వారాలు చేపలు వేయొద్దు, నీళ్లు ఎక్కువసార్లు మార్చాలె. కొత్త మట్టి నుంచి అమ్మోనియా వస్తది, అది చేపలను చంపుతది.

రెండోది, మొక్కలు. ఈసారి షాపుకు పోలే. కాలువల నుంచి నాచు తీగ తెచ్చినం, రోజుకు ఇంత అని పెరుగుతది. మా మడి గట్టున తడిల చిన్న గుండ్రని ఆకుల ఎర్రటి కలుపు ఒకటి ఉంటది, మీరందరు పీకి పారేసిందే. అది రోటాలా జాతి అని బిడ్డ ఫోన్ల చూసి చెప్పింది. ఆ జాతి మొక్కలను అక్వేరియం షాపులల్ల కట్టలు కట్టి అమ్ముతరంట! నేను కూలి ఇచ్చి పీకిస్తున్నది అక్కడ పైసలిచ్చి కొంటున్నరు. పశువుల కోసం పెంచే అజొల్లా గుంట నుంచి గుప్పెడు తెచ్చి పైన వేసినం. అజొల్లా పెంచినోళ్లకు తెలుసు, సూపర్ ఫాస్ఫేట్ వేయకపోతే అది పెరగదు. అంటే అది భాస్వరాన్ని బాగ తింటది. నీళ్లల్ల మిగిలిన భాస్వరం అది తింటది, పైన నీడ గూడ ఇస్తది. వారానికి ఒకసారి సగం తీసి బర్రెకు వేస్తం. ఆ తీసుడుతోనే ఎరువు తొట్టి బయటికి పోతది. తియ్యకపోతే మాత్రం లాభం లేదు.

ఒక జాగ్రత్త. కాలువ నుంచి, మడి నుంచి తెచ్చిన మొక్కల మీద పురుగుల మందు ఉండొచ్చు, జలగలు, తూనీగ పిల్లపురుగులు ఉండొచ్చు. రెండు వారాలు వేరే బకెట్ల ఉంచి, నీళ్లు మార్చుకుంట, అప్పుడు తొట్టిల పెట్టండి.

మూడోది, వెలుతురు. తొట్టిని కిటికీ కాడినుంచి లోపలి గోడకు మార్చినం. లైటుకు టైమర్ ప్లగ్గు పెట్టినం. రోజుకు 7 గంటలు, అంతే. బిడ్డ చదువుకు వేరే బల్బు.

నాలుగోది, మేత. రోజుకు ఒక్కసారి, రెండు నిమిషాలల్ల చేపలు తినేంత. మా అమ్మను ఒప్పించుడే అన్నింటికంటె కష్టమైంది. చివరికి "మేత వేసే పని నీదే అవ్వా, రోజుకు ఒక్కసారి" అని ఆ డబ్బా బిడ్డ ఆమె చేతికే ఇచ్చింది. ఇంకెవ్వరిని ముట్టుకోనీయదు ఇప్పుడు.

అయిదోది, నీళ్లు. వారానికి మూడో వంతు మార్చుడు. తీసిన నీళ్లు కరివేపాకు చెట్టుకు, మల్లె కుండీలకు. ఆ చెట్లు చూస్తే తెలుస్తది ఆ నీళ్లల్ల ఎంత ఎరువు ఉందో.

ఆరోది, కలుపు తీసుడు. దారాల పాచిని టూత్‌బ్రష్‌కు చుట్టి, కండెకు దారం చుట్టినట్టు తీసెయ్యాలె. నల్ల గడ్డం పాచి ఉన్న పాత ఆకులు కోసెయ్యాలె. రాళ్ల మీద ఉంటే రాయి బయటికి తీసి, హైడ్రోజన్ పెరాక్సైడ్ చుక్కలు వేసి, అయిదు నిమిషాలు ఆగి, బాగ కడిగి పెట్టాలె. మందుల షాపుల దొరికే సీసా మీద 6 శాతం అని ఉంటే సగం నీళ్లు కలపండి, 3 శాతం చాలు. చేపలున్న తొట్టిల పొయ్యొద్దు, చేతులకు అంటనీయొద్దు. ఆ నల్ల పాచి నిజానికి ఎర్ర పాచి జాతిదట. చచ్చేటప్పుడు గులాబీ రంగుకు తిరుగుతది, అప్పుడు మోలీలు గూడ కొరుక్కు తింటయ్.

షాపుల కొందరు పాచి తినే సక్కర్ చేప వేయుమంటరు. వద్దు. చిన్నగున్నప్పుడు తింటది, అడుగు పొడుగు పెరిగినంక పాచి దిక్కు చూడదు. అప్పుడు చానమంది తీస్కపోయి చెరువుల, కాలువల విడిచిపెడ్తున్నరు. అది మన నీళ్లల్ల పెరిగి, మన చేపలకు, వలలు వేసేటోళ్లకు నష్టం చేస్తుంది. తొట్టిల చేపనైనా, మొక్కనైనా కాలువల పారేయకండి.

ఇంత చేసినా వెంటనే తగ్గలే. మొదటి రెండు వారాలు ఇంకా ఎక్కువైంది. నా చెయ్యి మళ్లీ మందు దిక్కు పోబోయింది, నిజం చెప్తున్న. బిడ్డ "ఆగు నాయినా, నాటు ఇంకా కుదురుకోలే" అన్నది. నా మాట నాకే చెప్పింది. మూడో వారం మొక్కలు లేచినయ్. కానీ నాచు తీగ పాత ఆకులకు చిన్న చిన్న బెజ్జాలు పడ్డయ్. బిడ్డ పురుగు అనుకున్నది. నేను పొటాష్ తక్కువైంది అనుకున్న. చేప మేతల నత్రజని, భాస్వరం బాగ ఉంటయ్, పొటాష్ అంతగ ఉండదు. ఒక్క పోషకం తక్కువైతే మొక్క ఆగిపోతది, మిగిలిన రెండూ పాచి పాలు. అందుకని వారానికి అర గ్రాము సల్ఫేట్ ఆఫ్ పొటాష్ నీళ్లల్ల కరిగించి పోసినం. ఈసారి చిటికెలు కాదు, బంగారం తూచే చిన్న కాంటా మీద తూచి. యూరియా, డీఏపీ మాత్రం తొట్టి దగ్గరికి తేవొద్దు, అమ్మోనియాతో చేపలు చస్తయ్. పొటాష్ పోసిన పది రోజులకు కొత్త ఆకులు బెజ్జాలు లేకుండ వచ్చినయ్. రెండు నెలలకు దారాల పాచి పోయింది. మూడో నెలకు నల్లది ఒక రాయి మీద మాత్రం మిగిలింది. ఆ రాయి ఇప్పటికీ అట్లనే ఉన్నది, తీయలే. పాచి మొత్తమే లేకుండ ఉండదు, ఉండాల్సిన పని గూడ లేదు.

ఇప్పుడు నా మడి సంగతి.

ఆ యాసంగి నాటు అయినంక మళ్లీ తెట్టె కట్టింది. అలవాటు ప్రకారం మైలుతుత్తం మూట తీస్తుంటే బిడ్డ మాట గుర్తొచ్చింది: అది తినేది ఎక్కడిది? ఆలోచిస్తే ఎక్కడిదో నాకు తెలుసు. నాటు పెట్టిన పది, పదిహేను రోజులకు నిలబడ్డ నీళ్ల మీద నేను డీఏపీ చల్లుత. భాస్వరం నీళ్ల పైన, ఎండ నిండుగ, వరి ఇంకా దుబ్బు కట్టలే. కెనడా సరస్సుల భాస్వరం వేసిన సగం నా మడే! ఆ పైన సంవత్సరానికి ఇన్ని కిలోల రాగి అదే మట్టిల పోస్తున్న. రాగి ఎక్కడికీ పోదు, మట్టిల్నే కూడుతది. తొట్టిల ఇసుక మార్చుకున్నం. మూడెకరాల మట్టిని ఎవడు మారుస్తడు?

మట్టి పరీక్ష చేయించిన. నా పొలంల భాస్వరం ఎక్కువ అని వచ్చింది. అప్పటినుంచి భాస్వరం అంతా ఆఖరి దమ్ముల్నే, తగ్గించి వేస్తున్న. నాటు తర్వాత డీఏపీ చల్లుడు బంద్. తెట్టె కడితే రెండు మూడు రోజులు మడి ఆరబెడ్త. వరి దుబ్బు కట్టి నీళ్ల మీద నీడ పడినంక పాచి దానంతట అదే తగ్గుతుంది. రెండు పంటల సంది మైలుతుత్తం మూట విప్పలే. దిగుబడి తగ్గలే. డీఏపీ రెండు బస్తాలు మిగిలినయ్.

ఇంకో సంగతి. మడిల ఉండే పాచి అంతా శత్రువు కాదు. నీలి ఆకుపచ్చ నాచు గాలిల నత్రజనిని పట్టి వరికి ఇస్తదని 1939ల్నే పి.కె. డే అనే మన దేశపు శాస్త్రవేత్త చూపించిండు. దాన్నే జీవన ఎరువు అని మనకు అమ్ముతరు. ఒక చేతితో అది కొని చల్లి, ఇంకో చేతితో మైలుతుత్తం పెడితే ఏం లాభం? నేను ఆ పని గూడ చేసిన.

ఈ పాచి మందు పెట్టొద్దు అని ఎవరికీ చెప్తలేను. మీ పొలం మీకు తెలుసు. మందు తీసే ముందు ఒక్కసారి అడగండి, ఇది తినేది ఎక్కడినుంచి వస్తుంది, దాన్ని మన పంట ఎందుకు తింటలేదు అని. ఆ రెండు ప్రశ్నలకు జవాబు దొరికితే సగం మందు ఖర్చు మిగుల్తది.

బిడ్డ ఇప్పుడు డిగ్రీకి హైదరాబాద్ పోయింది. తొట్టి నా పాలు పడ్డది. మేత డబ్బా మా అమ్మ కొంగు కాడ, టైమర్ నా జిమ్మ. మళ్లీ కొన్న రొయ్యలు పిల్లలు పెట్టినయ్, లెక్కకు అందుతలేవు. వారంవారం ఫోన్ చేస్తది. ముందు అవ్వ ఎట్లున్నది అంటది, తర్వాత రొయ్యలు ఎట్లున్నయ్ అంటది. ఆఖరికి నవ్వుకుంట, "ఏమన్న ఏసినవా నాయినా?" అంటది.

ఏం వేయలే బిడ్డా. ఏసినా తూచి, నీకు చెప్పే వేస్త.

ఉంట మరి. నాట్లు మొదలైతున్నయ్, అందరు పైలంగ ఉండండి.